వెలుగుతోందా, హైమా?

బొమ్మ విమానం తోక అప్పటికే హైమావతి చేతుల్లో ఉంది. ఎప్పుడు పట్టుకుందో, ఎవరు పట్టుకోమన్నారో తెలియదు. మోకాళ్ల కింద నేల కాసేపు పాలిటెక్నిక్ మైదానంలా గరుగ్గా ఉంటుంది, కాసేపు కాకినాడ సముద్రం ఒడ్డు ఇసకలా మెత్తగా దిగబడుతుంది, తల పక్కకి తిప్పితే తమ వంటింటి గట్టు, దాని మీద పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలు కనిపిస్తాయి, లేచి పొయ్యి ఆర్పుదామంటే తోక వదలకూడదు. ఎదురుగా, ఆ చిన్న ఇంజను మీదికి వంగి, చూపుడువేలితో ప్రొపెల్లరు తిప్పుతున్నాడు ఆమె భర్త జోగారావు. ఆయన పోయి పదకొండు నెలలైంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆయనకీ తెలిసినట్టే ఉంది, ఇద్దరూ ఆ మాట ఎత్తడం లేదు.

"అంటుకోవడం లేదోయ్," అంటాడు తలెత్తకుండా.

"ఈ ఎండలో టోపీ అయినా పెట్టుకోలేదేంటండీ!"

నోట్లోంచి వచ్చింది ఆ మాట. చెప్పాలనుకున్నది అది కాదు. ఈ మనిషి ఒక్కసారి కనిపిస్తే కాళ్లమీద పడైనా చెప్పేయాలని పదకొండు నెలలుగా కుమిలిపోతోంది, తీరా ఎదురుగా కూర్చుంటే టోపీ సంగతి! ఆవిడ వరస ఎప్పుడూ అంతే.

సంగతేమిటంటే, ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పని నేర్పిన జోగారావుకి ఒకే ఒక్క పిచ్చి, మధ్యలో నిలబడి పిడి పట్టుకుంటే రెండు తీగల చివర గుండ్రంగా తిరిగే ఈ బొమ్మ విమానాలు. ఆదివారం వస్తే ఆయన ఇంజను తిప్పాలి, ఆమె తోక పట్టుకోవాలి, ఆయన చెయ్యెత్తితే వదలాలి. ఈ ఇంజన్లకి స్కూటరులాగా నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. ప్లగ్గు లోపల వెంట్రుకంత తీగచుట్ట ఉంటుంది, బ్యాటరీ సెల్లు తగిలిస్తే అది ఎర్రగా కాలి ఇంజనుని అంటిస్తుంది. గుండెజబ్బు బయటపడ్డాక, ఎండలో ఆ గిరగిరా తిరుగుళ్లు వద్దన్నాడు డాక్టరు. ఈయన వింటేగా! హైమావతి ఓ శనివారం, ఆయన కునుకు తీస్తుండగా, ఇంజనులోని మంచి ప్లగ్గు విప్పి పోపులపెట్టెలో మెంతుల కింద దాచి, దాని బదులు పాడైపోయిన ప్లగ్గు బిగించేసింది.

మర్నాడు ఆయన పద్ధతి తప్పకుండా అన్నీ చూసుకున్నాడు. సెల్లు మార్చాడు, క్లిప్పు తుడిచాడు, ఇంధనం ధారని సవరించే సూదిని అర చుట్టు తిప్పాడు. ఆఖరికి ప్లగ్గు విప్పి, సెల్లుకి తగిలించి, అరచేయి నీడ పట్టి ఆమె ముందుకి చాపాడు. కళ్లల్లో శుక్లాలు, ఎండలో అంత చిన్న వెలుగు ఆయనకి ఆనదు. "వెలుగుతోందా, హైమా?" అని అడిగాడు. తీగ నల్లగా చచ్చి ఉంది. "వెలుగుతోందండీ," అంది. ఇంకేముంది, తప్పంతా వేలిదే అనుకున్నాడు కాబోలు, చర్మం చిట్లేదాకా తిప్పాడు. ఇంటికొచ్చి ఇంజనుని గుడ్డలో చుట్టి అటకెక్కించి, "నా చేతుల్లో పట్టు పోయిందోయ్, ఇక చాలు," అన్నాడు. ఆ తరవాత రెండు నెలలు బతికాడు, ఒక్క ఆదివారమైనా మైదానం ఊసెత్తలేదు. జీవితమంతా చేతుల్ని నమ్ముకుని బతికిన మనిషిని, చేతకానివాణ్ణని అనుకుంటూ పోయేలా చేసింది తను. అదీ ఆమె గుండెల మీద కూర్చున్న బరువు.

ఇప్పుడూ ఆయన వరసగా అవే చూస్తున్నాడు. సెల్లు అనుకుని చేతిలోకి తీసుకున్నది కాఫీ గ్లాసు, అయినా దానికే క్లిప్పు తగిలిస్తాడు, ఆమెకీ అందులో వింతేమీ కనిపించదు. ఇంధనం సీసా మూత తీస్తే ఆముదం వాసన కమ్ముకుంటుంది, ఆ వాసనలోంచే వర్క్‌షాపు గోడలు లేస్తాయి, గోడల మీద ఆరేసిన ఆమె చీరలు గాలికి కొట్టుకుంటాయి. ఆయన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోతాడు.

"మెంతుల వాసనేంటోయ్?"

హైమావతి తోక మీదికి తల వంచేస్తుంది. "పొద్దున చారు పెట్టానండీ."

"అదేనా," అంటాడు. కోపం లేదు, నవ్వూ లేదు. ప్లగ్గు విప్పుతాడు, అరచేయి నీడ పట్టి ముందుకి చాపుతాడు. "వెలుగుతోందా, హైమా?"

పాలు పొంగి గట్టు మీంచి ఇసకలోకి కారుతున్నాయి. చూస్తుండగానే ఆయన జుట్టు నల్లబడి మళ్లీ తెల్లబడుతుంది.

"లేదండీ. ఆ రోజూ వెలగలేదు. నేనే పాడైన ప్లగ్గు పెట్టి, వెలుగుతోందని అబద్ధమాడాను. మీ చేతులకేం కాలేదండీ, బంగారంలాంటి చేతులు. మీరు ఎండలో పడిపోతారని భయమేసి చేశాను. నన్ను నాలుగు తిట్టండి, పోనీ!"

తిట్టడు. ప్లగ్గు మళ్లీ బిగిస్తాడు, తీగల పిడి అందుకుని లేచి, వెనక్కి వెనక్కి నడుస్తాడు. తీగలు అరవై అడుగులే, కానీ అరవై దాటినా సాగుతూనే ఉన్నాయి, ఆయన వేలెడంత అయిపోతాడు, మైదానంలో ఇంకెవరూ లేరు, ఇంజను చప్పుడు కూడా లేదు.

"విన్నారా?" అని అరుస్తుంది. "ఏవండీ, విన్నారా?"

దూరాన ఆయన చెయ్యెత్తుతాడు. అది వదలమని గుర్తు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారైనా ఆ గుర్తుకి ఆమె ఆలస్యం చేయలేదు, ఇప్పుడు మాత్రం వేళ్లు విప్పబుద్ధి కాదు, వదిలితే ఇంక కనపడడని తెలుసు, ఏడుస్తూ గట్టిగా పట్టుకుంటుంది, అయినా తోక జారిపోతుంది.

కళ్లు తెరిస్తే మధ్యాహ్నం మూడు. తలగడ కొస రెండు పిడికిళ్లలోనూ బిగించి ఉంది. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

స్టూలు వేసుకుని అటక మీంచి ఆ మూట దింపుతుంది. ఆయన కట్టిన ముడి అలాగే ఉంది, పదకొండు నెలలుగా దాన్ని తాకే ధైర్యం చాలలేదు. ఈ చచ్చిన ప్లగ్గు విప్పి అవతల పారేస్తే తప్ప మనసు కుదుటపడదనుకుని ముడి విప్పుతుంది. గుడ్డ మడతలోంచి చిన్న గింజ ఒకటి గచ్చు మీదికి రాలి దొర్లుతుంది. వంగి తీసి చూస్తే, మెంతిగింజ.

ఆ శనివారం తరవాత పోపులపెట్టెలో మెంతుల అడుగుకి తను మళ్లీ చెయ్యి పోనివ్వలేదు. తరవాత పానా వెతికి ప్లగ్గు విప్పి, టార్చిలైటులోని పెద్ద సెల్లు తీసి తగిలించి, కిటికీ ఎండకి అరచేయి అడ్డం పెడుతుంది. మెంతుల కింద తను దాచిన మంచి ప్లగ్గే అది, తీగచుట్ట నారింజరంగులో కణకణలాడుతోంది.

"వెలుగుతోందండీ," అంటుంది హైమావతి పైకే. అడిగినవాళ్లెవరూ లేరు. సెల్లు వేడెక్కి వేళ్లు చురుక్కుమనేదాకా అలాగే పట్టుకుని కూర్చుంటుంది.