ఒడ్డున నేర్చిన చూపు

చిట్టమ్మ చేపల గంపను ఇసకతో తోమి, నీళ్లు కుమ్మరించి గుమ్మం పక్కన బోర్లించింది. ఆమె మొగుడు అర్జునరావు పంచె అంచుతో కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు. మసక అద్దంలో లేదు, కంట్లోనే ఉందని అతనికి తెలుసు. నలభై ఏళ్లు వేటకెళ్లిన మనిషి. ఆరేళ్లుగా షికారు తిప్పే చిన్న ఓడలో ముందు నిలబడి, డాల్ఫిన్లు కనబడితే ఈల ఊదడం అతని పని. పోయిన రెండుసార్లూ ఈల మోగలేదు.

"ఈయేల కూడా కానరాకపోతే ఇంకొకర్ని సూసుకుంతాను బావా, ఏటనుకోకు," అన్నాడు రేవు దగ్గర, ఓడ నడిపే గురునాథరావు.

ఆ రోజే ఓడలో వంటమనిషికి జ్వరం. చిట్టమ్మను రమ్మన్నారు. జాలరిపేటలో ఆడవాళ్లు పడవెక్కరు.

"వలేసే పడవకి గదా ఆ పట్టింపు! ఇది షోకులోడ," అంటూ చిట్టమ్మ కొంగు దోపి ఎక్కేసింది. అరవై ఏళ్లకు అదే మొదటిసారి.

రాతిదీవి చుట్టూ తెల్లపిట్టలు ముసిరాయి. రాళ్ల మీద ఎర్రపీతలు పరుగులు తీశాయి. షికారుకొచ్చినవాళ్ల రీలు కెమెరాలు టిక్కుమన్నాయి. దీవి దాటాక మాత్రం ఏమీ లేదు. అర్జునరావు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. అంతా ఒకటే నీలం. నోట్లో ఈల తడారిపోయింది.

పొయ్యి దగ్గర్నుంచి చిట్టమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! అటు సూడయ్యా, పిట్టలు దూకుతన్నాయి! నీల్లు ఉడుకుతన్నట్టు నేవూ?"

ఓడ తిరిగింది. డాల్ఫిన్లు! ఒకటి కాదు, పాతిక పైనే. నిగనిగలాడే వీపులు ఓడతో పందెం వేసుకున్నాయి. పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. బాణలిలో చేపలు మాడిపోయాయి, ఎవరూ అడగలేదు.

"నీకెలా కానొచ్చినాయే?" అన్నాడు అర్జునరావు.

"నలబై ఏల్లు ఒడ్డున నిలబడి నీ తెరసాప కోసం సూసినాను. ఆమాత్రం సూపు రాదేటి?"

"రేపట్నించి ముందు నువ్వే నిలబడప్పా!" అన్నాడు గురునాథరావు చిట్టమ్మతో.

చిట్టమ్మ మొగుడి మొహంలోకి చూసింది. అతను మెడలోని ఈల తీసి ఆమె మెడలో వేశాడు. "నా పని పోనేదు. ఇంట్లోనే ఉంది," అని నవ్వాడు.

సముద్రం మీదికి వెళ్లేవాళ్లు వెళ్తున్నామని చెప్పకూడదు, ఇంట్లోవాళ్లు ఎక్కడికని అడగకూడదు; అది పేటలో ఆచారం. అతను వెళ్లిన ప్రతి ఉదయమూ ఆమె నిద్ర నటించేది. మర్నాడు తలుపు కిర్రుమంది. అర్జునరావు చాప మీద కళ్లు మూసుకుని నవ్వు ఆపుకున్నాడు. ఒక్క మాటైనా అనకుండా ఆమె వెళ్లిపోయింది.

గుమ్మం పక్కన బోర్లించిన గంప మీద పక్కింటి పిల్లి ఎక్కి, లేత ఎండలో ఒళ్లు విరుచుకుంటోంది.