రుమాలు లేకుండా వచ్చినవాడు

మా వదిన ఆండాళును మోసం చేయడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఎవరైనా నాలుగు మాటలు మెత్తగా మాట్లాడితే చాలు, పీట వేసి మజ్జిగ ఇచ్చే రకం. నేను అలా కాదు. చిన్నప్పటి నుంచి నన్ను గయ్యాళి అనేవారు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

యుద్ధం రోజులవి. నూలు దొరక్క పోచంపల్లిలో సగం మగ్గాలు మూగబోయాయి. మా అన్న ధర్మయ్య షోలాపూర్ మిల్లులో పనికి బయలుదేరాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే, వదిన, మొగుడు పోయి పుట్టింటికి చేరిన నేను. అన్న చదువుకోలేదు. వెళ్లేముందు తన భుజం మీది రుమాలు తీసి మా ఒళ్లో పరిచి చూపించాడు.

మేము నేయకముందే నూలుకు ముడులు వేసి రంగులో ముంచుతాం. ముడి ఉన్నచోట తెల్లగా మిగిలి పువ్వు తేలుతుంది. అన్న తన రుమాలు మూలన కావాలని ఒక ముడి వదిలేసేవాడు. అక్కడ తెల్లపువ్వుకు బదులు ఎర్రమచ్చ పడేది. అదే ఆయన గుర్తు.

"ఎవలన్న నా పేరు జెప్పుకుంట వస్తే గీ మూల సూడున్రి," అన్నాడు. "మనిషి అబద్ధమాడుతడు గని బట్ట ఆడదు."

నేతపనివాళ్లం కదా, ఆ మాట మాకు వేదవాక్కు.

ఆషాఢంలో ఒకడొచ్చాడు. ఇస్త్రీ బట్టలు, చేతులు కట్టుకుని నిలబడడం. అతి వినయం ధూర్త లక్షణం అన్న సంగతి మా వదినకు ఎవరు చెప్పాలి? ఆ వేళకు నేను వాగులో నూలు ఉతకడానికి పోయి ఉన్నాను. ధర్మయ్య కాలు మిషన్లో పడి నలిగిందని, దవాఖానలో ఉన్నాడని, మందులకు చేతిలో ఏమీ లేదని చెప్పి వాడు రుమాలు తీశాడు. వదిన మూల చూసింది. ఎర్రమచ్చ ఉంది. అక్కడికక్కడే కాళ్లకున్న వెండి కడియాలు ఊడదీసి ఇచ్చింది. అవి మా అమ్మవి. వాడు "వద్దమ్మా, వద్దమ్మా" అంటూనే సంచిలో వేసుకున్నాడట.

నేను ఇంట్లో ఉన్నా ఇచ్చేదాన్నే. ఈ మాట మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు.

నెల రోజులు అన్న కాలు తలుచుకుని ఏడ్చాం. తర్వాత అన్న ఎవరిచేతనో రాయించిన కార్డు వచ్చింది. బడిపంతులు రెండుసార్లు చదివాడు. "నేను మంచిగున్న. గదిల నా మూట ఎవడో ఎత్తుకపోయిండు, రుమాలు గూడ పోయింది. నా పేరు మీద ఎవలన్న వస్తే నమ్మకున్రి."

వదిన కడియాల ఊసే ఎత్తలేదు. "కాళ్లు రెండూ మంచిగున్నయంట లీలా," అని పొంగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు మొదలుపెట్టి దసరా దాకా ఆమెను సాధించాను. అన్నం వడ్డిస్తుంటే కడియాలు, మంచం వాలిస్తే కడియాలు. ఆమె తల వంచుకుని వినేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నా వంతు. బట్టను నమ్మకూడదని నేర్చుకున్నాను గనక ఒక ప్రశ్న కట్టాను. మా అన్న నేసిన మొదటి బట్ట ఏమైంది? దీనికి జవాబు అన్నకూ నాకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. వదినకు కూడా చెప్పలేదు, నోరు జారుతుందని. దసరా తర్వాత ఇంకొకడు వచ్చి షోలాపూర్ కబురంటూ మొదలుపెట్టాడు. ప్రశ్న వేశాను. వాడు నసిగి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పోయాడు. వాడలో నా పేరు మోగిపోయింది. ఆడవాళ్లు వచ్చి ఎవరిని నమ్మాలో నన్నడిగి పోయేవారు. నాకు కొమ్ములు మొలిచాయి.

చలికాలం ఒక మధ్యాహ్నం ఇస్రాయేలు అని ఒకాయన వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము. బీబీనగర్ స్టేషన్ నుంచి నడిచొచ్చానన్నాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"మాది కోస్గి దిక్కు అమ్మా. అన్న, నేను ఒక్క మిల్లుల జేస్తం. అన్నకు పది దినాల సంది విషజరం. దవాఖానల ఏసినం. మిమ్ముల సూడాలంటాండు, జల్ది బయలెల్లున్రి."

వదిన చేతిలోని నూలు కండె కింద పడింది. నేను గడప మీదికి వచ్చాను.

"రుమాలేది?"

"అది ఎప్పుడో పోయిందంట గదమ్మా."

"గా ముచ్చట దొంగకు గూడ తెలుసు."

ఆయన నొచ్చుకున్నాడు గాని కోపం తెచ్చుకోలేదు. "మా చెల్లె ధైర్యస్తురాలు, వదినెను తోలుకొని వస్తది అన్నడు," అన్నాడు. మొదటివాడు కూడా ఇలాగే మెచ్చుకుంటూ మాట్లాడాడని వదిన చెప్పింది నాకు గుర్తొచ్చింది. ఇక నా అనుమానం గట్టిపడింది. ప్రశ్న వేశాను.

"జరంల ఉన్న మనిషి గవన్ని నాకెట్ల జెప్తడమ్మా?"

"అయితే పోయి అడుక్కొని రా."

అప్పటికే వదిన రెండు చీరలు మూట కట్టింది. "నాకేమైతే అయితది, పోనియ్యి లీలా," అని నా చేయి పట్టుకుంది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"కడియాలు పోయినయి సాల్లేదా? నిన్ను గూడ అమ్ముకుంటడు," అన్నాను. రెండు చేతులూ ద్వారబంధానికి అడ్డం పెట్టి నిలబడ్డాను.

ఇస్రాయేలు "సరే, అడిగొస్తనమ్మా," అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు నేను. వదిన ఆ మూట విప్పలేదు. తలకింద పెట్టుకుని పడుకునేది.

తొమ్మిదో రోజు మళ్లీ వచ్చాడు. నేను మగ్గం దగ్గర పోగులు అతుకుతున్నాను. వాకిట్లోంచే అన్నాడు.

"ఉయ్యాల గట్టిన్రంట అమ్మా. నువ్వు పుట్టినప్పుడు గా బట్టతోనే నీకు ఉయ్యాల గట్టిన్రంట."

నిజం చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషమే. ఈయన మంచివాడు, అన్న పంపిన మనిషే. "వదినె, మూట తే, పోదాం," అని లోపలికి కేకేసి గడప మీదికి పరుగెత్తాను.

ఆయన కదల్లేదు.

"నేను అడిగితే నవ్విండమ్మా. అంత జరంల గూడ నవ్విండు. మా లీల గట్లడిగిందా, ఇగ నా ఇంట్ల ఎవడు మోసం జెయ్యలేడు, నాకు ఫికర్ లేదు అన్నడు." ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "తెల్లారి పానం పోయింది. నలుగురం గల్సి మట్టి జేసినం. జవాబన్న జెప్పిపోదామని వచ్చిన."

ఆ రోజే బయలుదేరి ఉంటే అన్న బతికి ఉండగా చేరేవాళ్లం. వదిన ముఖం చూసుకుని పోయేవాడు. మా అన్నకు ఆ చివరి చూపు లేకుండా చేసింది దొంగ కాదు, నేను. తిట్టుకోవడానికి నాకు ఇంకెవరూ దొరకలేదు.

వదిన మూట చంకన పెట్టుకుని నా వెనకాలే వచ్చింది. అంతా విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె ద్వారబంధం పట్టుకున్న నా చేతి కిందినుంచి వంగి వాకిట్లోకి దిగి, ఇస్రాయేలుకు పీట వేసి, చెంబుతో నీళ్లు పెట్టింది.

"నవ్విండా?" అని అడిగింది.

"నవ్విండమ్మా."

"ఎట్ల నవ్విండు?"

ఆయన నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టాడు. వదిన మళ్లీ అదే అడిగింది. నేను ఇంకా గడప మీదే, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను.