ఉప్పగా కారిన ఏసీ

తమాలే ఊళ్లో మార్చి ఎండకి గొర్రెలు కూడా గోడ నీడ వదిలి రావు. ఆ ఎండన పడి హోటల్‌కి వచ్చినవాళ్లు తలుపు తోయగానే రిసెప్షన్ బల్ల ముందు ఆగి, కాలరు విదిలించుకుని "అమ్మయ్య" అంటారు. బల్ల వెనక సనాతు నవ్వుతుంది. నవ్వుతూ తాళం చెవి అందిస్తుంది. నవ్వుతూనే నెత్తి మీద పడిన నీటిబొట్టు తుడుచుకుంటుంది.

ఆమె తల మీది ఏసీ కారడం, సుహుయిని అనే ఆమె కూతురు యెండి ఊరికి వెళ్లిన వారంలోనే మొదలైంది. వెళ్లడమంటే మేనత్త రహీనా వచ్చి తీసుకుపోవడమే. తమ్ముడి కూతుర్ని అక్క పెంచుకోవడం వాళ్లలో తాతల నాటి హక్కు. అడగడమంటూ ఉండదు, వచ్చి చెప్పడమే. ఇచ్చిన బిడ్డ కోసం తల్లి కన్నీరు పెడితే ఆడపడుచును తిట్టినంత తప్పు. కాబట్టి సనాతు ఏడవలేదు. సంకటిలో బెండకాయ పులుసు ఎక్కువైతే పిల్ల ముట్టదని అక్కడ ఎవరికి తెలుసు? జ్వరం మాత్ర మింగినట్టే మింగి, అటు తిరిగి ఉమ్మేస్తుందని ఎవరికి తెలుసు? బస్సు కదిలాక ఈ రెండూ చెప్పడం మర్చిపోయానని గుర్తొచ్చింది. అప్పట్నుంచీ అవే గుచ్చుకుంటున్నాయి.

మొదట వచ్చిన మెకానిక్కు ఫిల్టర్ కడిగాడు. రెండోవాడు నీళ్ల గొట్టంలో నాచు పట్టిందని గాలి కొట్టాడు. మూడోవాడు మూత కూడా తీయకుండా గ్యాస్ ఎక్కించాడు. ఆ ఊళ్లో ఏసీకి ఏ రోగమొచ్చినా గ్యాసే మందు.

"నువ్వే పదహారులో పెట్టి లోపల మంచు కట్టిస్తున్నావు," అన్నాడు మేనేజరు ఇద్రిసు.

"రిమోట్ మీ సొరుగులో కదా సార్ ఉండేది?"

"ఎదురు మాట్లాడకు."

నాలుగోవాడి పేరు వుంబే. నిచ్చెన ఎక్కి, కారే చోట వేలు తడిపి నాలుక్కి రాసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

"ఓ, అదా?" అన్నాడు ఇద్రిసు, ఫ్యూజు పోయిందన్నంత తేలిగ్గా. చప్పగా ఉంటే గొట్టం, ఉప్పగా ఉంటే కింద కూర్చున్న మనిషి. అందరికీ తెలిసిందే. కళ్లలో దారి దొరకని నీరు పైకెక్కి ఏసీలోంచి దిగుతుంది. "అయితే కింద బకెట్ పెట్టు."

వాళ్లిద్దరూ బకెట్ వెతకడానికి వెళ్లారు. సనాతుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏసీకి ఏమైందని ఇంతమంది అడిగారు. నీకేమైందమ్మా అని ఒక్కడైనా అడిగాడా?

ఆ సాయంత్రం మొగుడు తహిరుని నిలదీసింది. "వెళ్లి పిల్లను తీసుకురా."

"మా ఇంటి ఆడపిల్లలంతా మేనత్తల దగ్గరే పెరిగారు. మా అక్క కూడా."

"పెరిగి ఏం నేర్చుకుంది? ఇంకో తల్లి ఒళ్లోంచి లాక్కోవడం!"

"నోరు అదుపులో పెట్టుకో సనాతూ."

"పెట్టుకున్నాను కాబట్టే హోటల్లో బకెట్లు నిండుతున్నాయి!"

తహిరు చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మర్నాడు రిసెప్షన్‌కి ఫోనొచ్చింది. రహీనా. యెండిలో ఆమెది బట్టల కొట్టు.

"ఏమే సనాతూ, మీ ఊళ్లో మంచి ఏసీ మెకానిక్కు ఎవరే? నా కొట్లోది కారి చస్తోంది. పెళ్లిళ్ల సరుకంతా రంగు దిగిపోయింది. గ్యాస్ ఎక్కించినా ఆగలేదు."

"దాని కింద ఎవరు కూర్చుంటారు వదినా?"

"ఎవరేమిటి, నీ కూతురే. చల్లగా ఉంటుందని అక్కడే కూర్చోబెడతా. బంగారు తల్లి! వచ్చినప్పట్నుంచీ ఒక్క రోజు కంటతడి పెట్టలేదు."

"ఆ నీళ్లు నాలుక్కి రాసి చూడు."

"ఇప్పుడా? బేరాల వేళ..."

"ఇప్పుడే చూడు!" హాల్లో సూట్‌కేసులతో నిలబడ్డవాళ్లు వెనక్కి తిరిగారు. తిరగనీ అనుకుంది సనాతు.

అటువైపు స్టూలు లాగిన చప్పుడు. ఆ తర్వాత నాలుక చప్పరించిన శబ్దం. అనాల్సినవన్నీ సనాతు నాలుక చివరన వరసగా నిలబడ్డాయి.

"నన్ను మా మేనత్త తెచ్చుకున్నప్పుడు," అంది రహీనా చివరికి, "ఈ ఊళ్లో ఏసీలెక్కడివే."

ఆ మాట సనాతుకి గుచ్చుకుంది. కానీ కోపం తగ్గలేదు. "పిల్లను పంపు వదినా."

"పంపను. పంపేస్తే పిల్లలో ఏదో లోపముందని చెవులు కొరుక్కుంటారు. రేపటి బస్సుకి నేనే తీసుకొస్తా. పగటిపూట, అందరూ చూస్తుండగా."

"మీ తమ్ముడు? మీ పెద్దలు? హక్కు అన్నారు కదా అందరూ!"

"హక్కే. నాది. తెచ్చుకోవడానికి ఎవణ్ణీ అడగలేదు, తిరిగివ్వడానికి అడుగుతానా? ఎవడికి నొప్పి పుడితే వాణ్ణి నా దగ్గరికి రమ్మను," అంది రహీనా. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ ఒక్క రాత్రికీ... అది ఏం తింటుందో చెప్పు."