మాస్టారి చొక్కా మీద టీ మరక

లెక్కల మాస్టారి తెల్లచొక్కా మీద ఉన్నది ఆయన చెప్పినట్టు టీ మరక కాదు, నెత్తురు. మరకల మందు ఒక్క చుక్క వేయగానే సన్నగా నురగ పొంగింది. పదహారేళ్ళుగా లాండ్రీ నడుపుతున్న అక్కకి ఆ నురగేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. టీకి నురగ రాదు.

పైగా రెండు చేతుల అంచుల్నీ సలసల కాగే నీళ్ళలో ముంచినట్టున్నారు. మరక గోధుమరంగుకి తిరిగి దారాల్లోకి దిగిపోయింది. చన్నీళ్ళలో జాడిస్తే వదిలేది. పుట్టి బుద్ధెరిగి ఒక్క గుడ్డ ఉతకని మగాడు చేసే పని అది. మాస్టారి భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు.

నిన్న మధ్యాహ్నం మందుల షాపాయన తల పగిలి కౌంటరు వెనక పడి ఉన్నాడు. ఇంతవరకూ స్పృహ రాలేదు. గంట తిరక్కుండా పోలీసులొచ్చి ఆమె తమ్ముణ్ణి పట్టుకుపోయారు. వాడు చేసిన నేరమల్లా ఒక ర్యాప్ పాట. షాపు ముందు పాడొద్దని ఆయన కసిరితే, రోషంకొద్దీ కట్టాడు: "నా మాట తగిలితే నీ కౌంటరు పగులుద్ది." ఇంకేం సాక్ష్యం కావాలంది వీధి వీధంతా. ఈరోజు నాలుగింటికి వాణ్ణి కోర్టుకి తీసుకెళ్తారు.

"అయిందా అమ్మాయ్?" గుమ్మంలో మాస్టారు.

"కూర్చోండి మాస్టారూ."

"తీరిక లేదమ్మా. స్టేషనుకి రమ్మన్నారు. మీవాడి పాట విన్నానని సంతకం పెట్టాలట."

"వాడి పాటకి భయపడేవాళ్ళే గానీ వాడికి భయపడేవాళ్ళు లేరు మాస్టారూ. బొద్దింక కనబడితే మంచమెక్కుతాడు." అక్క చొక్కా చేతిని తిప్పి చూపించింది. "ఇంతకీ ఈ టీ ఎక్కడ తాగారు?"

మాస్టారు చొక్కా కోసం చెయ్యి చాచారు. అక్క వెనక్కి లాక్కుంది.

"దీన్ని పట్టుకుని నేనే స్టేషనుకి వెళ్ళగలను. కానీ నాకు ఎక్కాలు నేర్పింది మీరు. మీ నోటితో మీరే చెబుతారని ఆగాను."

గోడగడియారం మూడు దాటింది. ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"నిద్రమాత్రలు అడిగానమ్మా. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. ముప్పయ్యేళ్ళ స్నేహం, మన మధ్య చీటీ ఏంట్రా అన్నాను. 'నువ్వు చచ్చిపోదామని చూస్తున్నావు, నాకు తెలుసు, ఇవ్వను' అన్నాడు. నిజమే అన్నాడు. ఆ నిజానికే ఒళ్ళు మండింది. తోసేశాను. కౌంటరు మూల తగిలింది. తల ఒళ్ళో పెట్టుకుని పిలిచాను, పలకలేదు. భయమేసి వెనకవైపు నుంచి ఇంటికి పోయాను. చొక్కా మార్చుకొచ్చేసరికి జనం పోగయ్యారు. నేను ఎవరి పేరూ ఎత్తలేదమ్మా. ఆ పాట కట్టినవాడే చేశాడని వాళ్ళే అన్నారు, నేను ఊఁ అన్నాను. అబద్ధమాడే శ్రమ కూడా నాకు మిగల్చలేదు వాళ్ళు. మీవాడు ఎవర్నీ ముట్టుకోలేదు. తోసింది నేను. ఆ చొక్కా ఇలా ఇవ్వు, నేనే పట్టుకెళ్తాను."