లెక్కలకు తిప్పిన ప్రదక్షిణలు

సగటున నలభై మార్కులు రాకపోతే ఓబుళమ్మను పై తరగతికి పంపేది లేదని బడిలో చెప్పారు. ఆమె తండ్రి అశ్వర్థప్ప వెంటనే నరసింహస్వామికి మొక్కుకున్నాడు. ప్రతి శనివారం నూటెనిమిది ప్రదక్షిణలు. ఏ పేపరుకూ అన్యాయం జరగకూడదని, ఆరింటికీ పద్దెనిమిదేసి చొప్పున పంచాడు.

మొదటి శనివారమే గుడి మెట్ల మీద కూర్చున్న ఓబుళమ్మ ఆ పంపకం విని పకపకా నవ్వింది.

"పోయిన పరీక్షలో తెలుగులో నాకు డెబ్బై వచ్చినాయి నాయనా. ఆడ ఇంకెన్ని పోస్తాడు సామి? లెక్కల్లో పన్నెండే. అన్నీ ఈడికే తిప్పు."

"మొక్కినాక మార్చొచ్చా? సామి కోప్పడడా?"

"తిరిగేది అన్ని సుట్లే కదా! నువ్వు తిరుగు, నేను లెక్కలు చేస్తా."

ఇందులో మోసమేమీ కనిపించక అశ్వర్థప్ప నడక మొదలుపెట్టాడు. నూటెనిమిది పూర్తయ్యేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఎన్ని చేస్తివి?"

"పద్దెనిమిది. పుస్తకం ఎనక జవాబులు చూస్తే పదకొండు సరిపోయినాయి."

అశ్వర్థప్ప కండువాతో ముఖం తుడుచుకుని మళ్ళీ లేచాడు.

"యాడికి నాయనా?"

"తప్పు పోయిన ఏడింటికీ ఇంకో ఏడు సుట్లు. నువ్వూ అవి మళ్ళీ చెయ్యి. ఎవరి వల్ల సరిపోతాయో సామే చూసుకుంటాడు."