ఫిర్యాదు లేదన్న కాగితం

ఖాలిదా బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్దించి, అరబ్బీ కాగితం మీద నొక్కించింది మేరాజ్ బేగమే. సౌదీలో, ఖోబర్ అజీజియాలోని ఆ మ్యాన్‌పవర్ ఆఫీసులో మూడేళ్లుగా ఆమె పని అదే. యజమానుల ఇళ్ల నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు ఊరి మాటలో నచ్చజెప్పడం, వేలిముద్ర వేయించడం. కడప యాస చెవిన పడగానే వాళ్లకు ప్రాణం లేచొచ్చేది. కాగితంలో ఏముందని ఒక్కరూ రెండోసారి అడగలేదు.

"అక్కా, కోర్టోళ్లు నా ఈపు ఎప్పుడు సూస్తారు?" అంది ఖాలిదా.

ఆ వీపు మీద ఇస్త్రీపెట్టెతో కాల్చిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. తాను ముద్ర వేసింది కేసు కాగితమని ఆమె నమ్మకం. అందులో ఉన్నది ఒకటే మాట: నా యజమాని అయిన కఫీల్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

 ఇన్నేళ్లలో తాను ముద్ర వేయించిన ముఖాలన్నీ మేరాజ్ కళ్లముందు నిలబడ్డాయి. పావుగంటలో లేబర్ అధికారి వస్తాడు. ఈ కాగితం అతని చేతికి పోతే ఖాలిదా కేసు అక్కడితో సరి. గోడవారగా మరో ఎనిమిది మంది తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

మేరాజ్ ఆ కాగితం తీసి, ఉన్నదున్నట్టు తెలుగులో పైకి చదివింది.

హాలు భగ్గుమంది. ఎందరి గొంతు కోశావని నిలదీశారు. "అక్కా అక్కా అనిపించుకుంటివే, నీకు బువ్వ ఎట్ల దిగుతాదే?" అంది వాళ్లలో ఉన్న హసీనా. 

మేనేజర్ అబ్దుల్ ఘనీ పరుగున వచ్చాడు. మేరాజ్‌ను ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా రద్దు చేయిస్తానంటూ కాగితం లాక్కోబోయాడు. ఖాలిదా దాన్ని ముందే అందుకుని, తాను తొడుక్కున్న అబాయాలో దోపుకుంది. ఎనిమిది మందీ ఆమె చుట్టూ గోడ కట్టారు. అతను పోలీసులకు ఫోన్ చేశాడు.

పోలీసులూ, లేబర్ అధికారీ ఒకేసారి వచ్చారు. వీళ్లకు అబద్ధం చెప్పింది తానేనని, చెప్పించింది మేనేజరేనని మేరాజ్ అరబ్బీలో ఒప్పేసుకుంది. ఆమెను జీపు ఎక్కించారు. గుండె తేలికవుతుందనుకుంది. కాలేదు.

జీపు కదలలేదు. దాని ముందు ఆ తొమ్మిది మంది ఆడవాళ్లు రోడ్డు మీద బైఠాయించారు.

"నిన్ను మాఫ్ చేసినాననుకోవద్దు మే," అంది ఖాలిదా. "నువ్వు జైల్లో కూసుంటే నీ పాపం తీరుతాదేమో, మా కేసు నడవదు. దిగు. మేం సెప్తాం, నువ్వు అరబ్బీలో సెప్పు. ఒక్క మాట ఇడిసిపెట్టినా ఊరుకోం."

ఫిర్యాదు ఎవరిదని అధికారి విసుగ్గా అడిగాడు. మేరాజ్ ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది.

"మాది," అన్నారు తొమ్మిది మంది. ఒక్కరూ లేవలేదు.