బర్రెల డబ్బాలో మూడు రోజులు

నేను ఒక అల్యూమినియం క్యాన్‌ని. ఇరుకు మెడ, పెద్ద పొట్ట, పొట్ట నిండా పొగలు కక్కే ద్రవ నత్రజని. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, జగిత్యాల పక్క పల్లెల్లో బర్రెలకు ఎదసూదులు వేసే ఓదెలు బండి ఎక్కాను. నాలో మేలుజాతి దున్నల వీర్యం గడ్డకట్టి ఉండేది. ఫోన్ వస్తే చాలు, అన్నం ముందు నుంచి లేచి మరీ పరుగెత్తేవాడు. సూది వేశాక ప్రతి ఇంట్లో ఒకటే మాట: "ఇరవై ఒక్క రోజులకు సూసి చెప్పుండ్రి." బర్రె మళ్లీ ఎదకు రాకపోతే చూడి కట్టినట్టే.

ఇంతలో ఓదెలు అల్లుడు తిరుమలేశ్‌కు క్యాన్సర్ బయటపడింది. పెళ్లై ఏడాది కాలేదు. సోమవారం నుంచి మందు ఎక్కించాలి. దాంతో పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు, ముందే వీర్యం దాచుకోండి అన్నాడు డాక్టరు. హైదరాబాద్ వెళ్లే ఓపిక అతనికి లేదు. జిల్లాలో ఉన్న ఒక్క సంతాన కేంద్రంలో నత్రజని అయిపోయింది, లారీ మంగళవారం గానీ రాదట. చూశారా మనుషుల తెలివి! బర్రెకు గడప దాకా వచ్చే సౌకర్యం మనిషికి జిల్లాలో దొరకలేదు.

శనివారం ఓదెలు నాలోని డోసులను తోటివాడికి అప్పగించి, పశువుల ఆఫీసులో నన్ను నిండా నింపించి తెచ్చాడు. వియ్యపురాలు నోరు నొక్కుకుంది. "నా కొడుకుది బర్రెల డబ్బల పెడ్తరా?"

"సల్లదనానికి బర్రేంది, మనిషేంది వదినా!"

సంతాన కేంద్రం డాక్టరమ్మ కూడా సరేనంది. సీలు వేసిన నాలుగు సన్నటి స్ట్రాలు నాలోకి దిగాయి. ఇన్నేళ్ల పనివాడు, ఆ మూడు రోజులు మాత్రం గంటకోసారి మూత తీసి, నత్రజని ఎంతుందో పుల్ల ముంచి చూసేవాడు. తీసినకొద్దీ చలి పోతుందని ఊరంతటికీ చెప్పిన మనిషే! నాకు నిజంగా భయం వేసింది.

మంగళవారం లారీ వచ్చింది. స్ట్రాలు కేంద్రం ట్యాంకులోకి మారాయి. చేతులు కడుక్కుంటూ ఓదెలు అలవాటు కొద్దీ కూతురు రజితతో అనేశాడు: "ఇరవై ఒక్క రోజులకు సూసి చెప్పు బిడ్డా."

అని నాలుక కరుచుకున్నాడు. రజిత ముందు బిత్తరపోయి, తర్వాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. జబ్బు సంగతి తెలిశాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

మూడేళ్లు గడిచాయి. తిరుమలేశ్ కోలుకున్నాడు. నాకే చలి నిలవక కొట్టంలో మూలకు చేరాను. ఒక కోడి నా మీద కాపురం పెట్టింది. మొన్న పొద్దున ఓదెలు పాలు పితుకుతుండగా ఫోన్ మోగింది. స్పీకర్‌లో రజిత గొంతు.

"బాపూ, నీ డబ్బల దాసిన దాంతోనే కడుపు నిలిచిందని డాక్టరమ్మ వారం కిందనే చెప్పింది. నీ లెక్క కోసం ఆగిన. ఇయ్యాల ఇరవై ఒక్కటో రోజు."

ఓదెలు లేచి వచ్చి, నా మీది కోడిని తోలి, భుజం మీది తువ్వాలతో నన్ను తుడవడం మొదలుపెట్టాడు.